చెరువు గట్టున పక్షుల లెక్క
(మహిళల చదువు కేంద్రంలో చేసిన ప్రసంగం)



పిట్టను చూడని ఆడమనిషి ఏ ఊళ్ళోనూ ఉండదు. నాటు వేసేటప్పుడు పక్కనే కొంగ ఉంటుంది. బట్టలు ఉతికేటప్పుడు రేవులో నీటికాకి మునుగుతూ తేలుతూ ఉంటుంది. అయితే పక్షి కంటబడడం వేరు, చూద్దామని వెళ్ళడం వేరు. ఈ నాలుగు మాటలూ ఆ వెళ్ళడం గురించే.

పట్నాల్లో కొంతమంది జట్టుగా కలిసి పక్షులను చూడ్డానికి వెళ్తారు. మెడలో బైనాక్యులర్, చేతిలో పుస్తకం. పల్లెల్లో ఈ మాట చెబితే నవ్వుతారు. పనీపాటా లేనివాళ్ళు అంటారు. కానీ ఈ పనికి పల్లెటూరి ఆడవాళ్ళే తగినవాళ్ళు. ఏ చెట్టు మీద ఏ పిట్ట వాలుతుందో, ఏ కార్తెలో ఏది కనిపిస్తుందో వాళ్ళకు తెలుసు. రాసిపెట్టుకోవడం ఒక్కటే లేదు. చదువు రాని రోజుల్లో అది కుదరలేదు. ఇప్పుడు కుదురుతుంది.

ఒక్కతే వెళ్తే రెండు కళ్ళు. పది మంది వెళ్తే ఇరవై కళ్ళు. ఒకామె చెట్టు పైకి చూస్తుంది, ఒకామె నీళ్ళలోకి చూస్తుంది, ఒకామె రాస్తుంది. తెల్లవారుజామున గట్టు మీదికి ఒంటరిగా పోవాలంటే భయం. పది మంది ఉంటే ఆ భయం ఉండదు. దారిలో ఎవరో అడుగుతారు.

"ఏమ్మా, పొద్దున్నే అందరూ ఎక్కడికి?"

"చెరువుకి, మామా. పిట్టలను లెక్కపెట్టడానికి."

ఆయన నవ్వుతాడు. నవ్వనివ్వండి. మూడో నెలకి ఆయనే వచ్చి, "నిన్న ఒక కొత్త పిట్ట కనబడింది" అని చెబుతాడు.

పెద్ద ఖర్చు లేదు. ఒక నోటు పుస్తకం, ఒక పెన్సిలు చాలు. తళతళలాడే చీరలు వద్దు, ఆకుపచ్చ, మట్టిరంగు చీరలు మేలు. గట్టిగా మాట్లాడకూడదు. పొద్దు పొడిచాక రెండు గంటలు, సాయంత్రం ఒక గంట మంచి సమయం. అన్నిటికన్నా ముఖ్యం, నెలనెలా అదే చెరువుకు వెళ్ళాలి. అప్పుడే తేడా తెలుస్తుంది.

తొలకరితో మొదలుపెడితే బాగుంటుంది. దుక్కి దున్నేటప్పుడు పశువుల వెంట తిరిగే తెల్ల కొంగకు ఈ కాలంలో తల, మెడ పసుపు కలిపిన నారింజ రంగుకు తిరుగుతాయి. గుడ్లు పెట్టే కాలం పోయాక మళ్ళీ తెల్లబడతాయి. కొత్తవాళ్ళు దీన్ని రెండు రకాల కొంగలని రాసేస్తారు. ఒకటే కొంగ.

వానల్లో అసలు చూడవలసింది గిజిగాడిని. ఈత చెట్టుకో, బావి మీదికి వంగిన తుమ్మ కొమ్మకో సీసాల్లాంటి గూళ్ళు వేలాడుతుంటాయి. అల్లేది మగపిట్ట. గడ్డి పోచలు, ఆకుల చీలికలు తెచ్చి అల్లుతుంది. గూడు సగం అయ్యాక ఆడపిట్ట వచ్చి చూస్తుంది. లోపల దూరి, పట్టు చూసి, నచ్చితే ఉంటుంది. నచ్చకపోతే ఎగిరిపోతుంది. అందుకే చెట్టుకు సగం అల్లిన గూళ్ళు అన్ని కనిపిస్తాయి. ఇక్కడిదాకా వింటే ఆడవాళ్ళు సంతోషిస్తారు. తర్వాతి మాట కూడా చెప్పాలి కదా! గుడ్లు పెట్టాక ఆ మగపిట్ట ఇంకో గూడు మొదలుపెట్టి, ఇంకో ఆడపిట్టను పిలుస్తుంది. పిల్లలను పెంచే భారం ఎక్కువగా తల్లిదే. గూట్లో మిణుగురు పురుగులను దీపంగా పెట్టుకుంటుందని చెబుతారు. అది కథే. లోపల తడి మట్టి అంటించడం మాత్రం నిజం.

దసరా దాటాక చెరువు రూపు మారిపోతుంది. చల్లగాలితో పాటు కొత్త పక్షులు వస్తాయి. తోక ఆడించే చిన్న పిట్టలు, బురదలో పొడుగు ముక్కుతో వెతికే పిట్టలు, రకరకాల బాతులు. ఊరి చెరువు సరే. ఏడాదికి ఒక్కసారైనా చార్జీలు కూడబెట్టుకుని, జట్టంతా కలిసి చూసి రావలసిన చోటు నేలపట్టు.

నేలపట్టు సూళ్ళూరుపేటకు దగ్గర, దొరవారిసత్రం మండలంలో ఉంది. ఒకప్పుడు నెల్లూరు జిల్లా. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది. 1976లో ప్రభుత్వం దాన్ని పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించింది. అక్కడి చెరువులో కడప చెట్లు నీళ్ళలోనే నిలబడి ఉంటాయి. అక్టోబరు వానలకు చెరువు నిండితే ఆ చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కడతాయి. నత్తలు తినే కొంగలు, నీటికాకులు, తెల్ల కంకణాలు కూడా చేరతాయి. చెట్ల చుట్టూ నీళ్ళుంటే పిల్లిగాని, మనిషిగాని గూటి దగ్గరికి పోవడం కష్టం. అదే వాటి ధైర్యం. వానలు తప్పి చెరువు నిండని ఏడు గూళ్ళు తగ్గిపోతాయి.

గూడబాతు ముక్కు కింద సంచి ఉంటుంది. దాన్ని వలలా నీళ్ళలో ముంచి చేపలు పడుతుంది. సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని పులికాట్ సరస్సు దాకా పోయి మేసి వస్తుంది. పిల్ల తన తలను తల్లి నోట్లోకి దూర్చేసి తింటుంది. మొదటిసారి చూసినవాళ్ళకు తల్లి పిల్లను మింగుతోందేమో అనిపిస్తుంది. అక్కడి రైతులకు ఈ పక్షులంటే ఇష్టం. రెట్టలు కలిసిన చెరువు నీళ్ళు పారితే చేలకు ఎరువు వేసినట్టే. కర్ణాటకలో కొక్కరె బెళ్ళూరు అనే ఊళ్ళో గూడబాతులు ఇళ్ళ మధ్య చెట్లమీదే గూళ్ళు కడతాయి. వాటిని పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డలని చెప్పుకుంటారు.

ఒక పొరపాటు దిద్దుకోవాలి. గూడబాతులను చూపించి "సైబీరియా నుంచి వచ్చాయి" అంటారు. చదువుకున్నవాళ్ళు కూడా అంటారు. అది నిజం కాదు. ఈ గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఈ దేశపు పక్షులే. నీళ్ళను, చేపలను బట్టి ఒక చోటి నుంచి ఒక చోటికి తిరుగుతాయి. బయటి దేశాల నుంచి వచ్చేవి వేరే ఉన్నాయి. సూదితోక బాతు ఉత్తరాది చలి దేశాల నుంచి వస్తుంది. తల మీద రెండు నల్ల పట్టీలున్న బాతు ఒకటి హిమాలయాలు దాటి వస్తుంది. పరాయిదని గొప్ప, ఇంటిదని చులకన అక్కరలేదు. ఇంటి పక్షి చెరువు పోతే దానికి ఇంకో దేశం లేదు.

అదే ప్రయాణంలో పులికాట్ కూడా చూడొచ్చు. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సులోంచే పోతుంది. బస్సు కిటికీలోంచే రాజహంసలు కనిపిస్తాయి. వీటినే ఫ్లెమింగోలు అంటారు. ముక్కును తలకిందులుగా నీళ్ళలో పెట్టి మేస్తాయి. తినే తిండి వల్లే ఒంటికి ఆ గులాబీ రంగు వస్తుంది. జనవరి ప్రాంతాల్లో జరిగే ఫ్లెమింగో పండుగకు జనం బాగా వస్తారు. పక్షులను తీరిగ్గా చూడాలంటే మామూలు రోజే నయం.

గూళ్ళున్న చోట ఒక్క కట్టుబాటు తప్పకూడదు. దగ్గరికి పోకూడదు. చప్పట్లు కొట్టి లేపకూడదు. తల్లి లేచిపోతే ఎండకు గుడ్లు చెడిపోతాయి, పిల్లలు సొమ్మసిల్లుతాయి. కాకి ఎత్తుకుపోతుంది. ఫొటో కోసం, సరదా కోసం ఒక్క నిమిషం లేపినా అంతే.

ఎండాకాలం చెరువు చిన్న మడుగు అయిపోతుంది. పక్షులన్నీ అక్కడికే చేరతాయి, కాబట్టి లెక్క తేలిక. మామిడి తోపులో కోకిల కూస్తుంది. అందరూ కోకిలమ్మ అంటారు గాని ఆ "కుహూ" మగదాని గొంతు. నల్లగా ఉండేది మగది. ఆడది గోధుమ రంగు మీద తెల్ల చుక్కలతో ఉంటుంది, కాకి గూట్లో గుడ్డు పెడుతుంది.

తీతువు సంగతి కూడా ఎండాకాలంలోనే చూడాలి. రాత్రిపూట అది అరిస్తే చావు కబురు అంటారు. పాపం దానికి గూడు లేదు. బోడి నేలమీద, రాళ్ళ మధ్య గుడ్లు పెడుతుంది. మనిషో కుక్కో అటు వస్తే అరిచి తరుముతుంది. అది తన పిల్లల కోసం ఏడ్చే ఏడుపు. ఇంకొకరి చావుతో దానికి పనిలేదు. గట్టు మీద నిలబడి ఒక్కసారి చూసిన ఆడది ఆ మాట మళ్ళీ అనదు.

ఇక రాయడం దేనికి? రాబందుల కథ వింటే తెలుస్తుంది.

చచ్చిన గొడ్డును ఊరి బయట పడేస్తే రాబందులు దిగేవి. పెద్దవాళ్ళందరికీ గుర్తే. తర్వాత కనిపించడం మానేశాయి. చాలా ఊళ్ళల్లో ఎవరూ పట్టించుకోలేదు. కానీ రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల కేంద్రంలో రాబందులను, గూళ్ళను లెక్కపెట్టి రాసిపెట్టారు. 1980లలోని లెక్కను 1990ల చివరి లెక్కతో పోల్చి చూస్తే గుండె ఆగినంత పనైంది. దేశమంతా వెతికారు. తెల్లవీపు రాబందులు 1992 నుంచి 2007 లోపల నూటికి తొంభైతొమ్మిదికి పైగా పోయాయని తేలింది. కారణం 2004లో బయటపడింది. పశువులకు నొప్పి, వాపు తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ మందు. ఆ మందు వేసిన గొడ్డు చస్తే, దాని మాంసం తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడిపోయేవి. 2006లో మన దేశంలో పశువులకు ఆ మందు వాడకం నిషేధించారు. పాత లెక్క చేతిలో లేకపోతే ఎన్ని పోయాయో ఎవరూ చెప్పగలిగేవారు కాదు. పాడి పశువున్న ఆడవాళ్ళు పశువుల డాక్టరును మందు పేరు అడగాలి. మందు సీసా మీద పేరు చదవడం ఇప్పుడు వచ్చు కదా.

నీటి పక్షులకు కూడా లెక్క ఉంది. 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా దేశాల్లో చెరువులు, సరస్సుల దగ్గర వాటిని లెక్కపెడుతున్నారు. లెక్కపెట్టేవాళ్ళలో ఎక్కువమంది జీతం లేకుండా ఇష్టంతో వచ్చేవాళ్ళే.

పుస్తకంలో ఒక పేజీకి ఒక రోజు. పైన తేదీ, చెరువు పేరు, వచ్చినవాళ్ళ పేర్లు. కింద పిట్ట పేరు, ఎన్ని, ఏం చేస్తున్నాయి. పేరు తెలియకపోతే "ఎర్ర ముక్కు, పొడుగు కాళ్ళు" అని రాస్తే చాలు, పేరు తర్వాత తెలుస్తుంది. చెరువులో నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో కూడా రాయాలి. ఒక్కో రోజు ఒక్క పిట్టా కనిపించదు. ఆ రోజు కూడా పేజీ వదలకుండా తేదీ వేసి, "ఏమీ లేవు" అని రాయాలి.