చేతిలో పని ఉంది, కాగితమే లేదు
(యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెద్దలారా, తల్లులారా, వెనుక వరుసలో నిలబడి ఉన్న యువకులారా!

నేను ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. జీవితమంతా కాగితాల మధ్యనే గడిచింది కనుక ఈ రోజు కూడా కాగితం గురించే మాట్లాడతాను.

మా వీధిలో ఒక అబ్బాయి నాలుగేళ్లుగా ఇళ్లపై సోలార్ ప్యానెళ్లు బిగిస్తున్నాడు. ఇనుప చట్రం వెల్డింగు చేయగలడు, తీగలు లాగగలడు, ఇన్వర్టరు అమర్చగలడు. అయినా నేటికీ అతడు హెల్పరే, రోజు కూలీయే. అతని పక్కన నిలబడి పని నేర్చుకున్న మరొకతను సర్టిఫికెట్ ఉన్నందువల్ల టెక్నీషియన్ అయ్యాడు. ముస్లిం శ్రామికులలో అధికులు స్వయం ఉపాధిలోను, అసంఘటిత రంగంలోను ఉన్నారని సచార్ కమిటీ 2006లోనే చెప్పింది. చేతిపని మనకు కొత్త కాదు. ఆ పనికి గుర్తింపు తెచ్చుకోవడంలోనే వెనుకబడ్డాం.

2024లో ప్రారంభమైన పి.ఎం. సూర్యఘర్ పథకం లక్ష్యం కోటి ఇళ్లు. మూడు కిలోవాట్ల అమరికకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. అయితే నమోదైన సంస్థ ద్వారా బిగించుకుంటేనే అది లభిస్తుంది. కాబట్టి పని ఇకపై ఆ సంస్థల చేతుల మీదుగానే సాగుతుంది. అవి మనిషిని తీసుకునేటప్పుడు ముందు చూసేది కాగితాన్నే.

శిక్షణ కాగితం కోసం మాత్రమే అనుకోకండి. ఇంటి కరెంటును మెయిన్ స్విచ్‌తో ఆపవచ్చు. ఎండ ఉన్నంతసేపు ప్యానెల్‌ను ఆపలేము. ఎనిమిది, పది ప్యానెళ్లను వరుసగా కలిపితే 300 వోల్టులు దాటుతుంది. అది డి.సి. కరెంటు. కనెక్టరు వదులుగా ఉంటే పుట్టే నిప్పు మెరుపు తనంతట తాను సులభంగా ఆరదు. ఎర్తింగు ఎలా చేయాలో, ఎత్తున పనిచేసేటప్పుడు బెల్టు ఎలా కట్టుకోవాలో చూసి నేర్చుకుంటే చాలదు. అడిగి నేర్చుకోవాలి, తప్పు చేస్తే సరిదిద్దే గురువు పక్కన ఉండాలి. బెల్టు లేకుండా మూడో అంతస్తు అంచున నిలబడిన పిల్లవాణ్ణి చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

జాతీయ సౌరశక్తి సంస్థ 2015లో సూర్యమిత్ర శిక్షణను ప్రారంభించింది. అది 600 గంటల కోర్సు. రుసుము లేదు, వసతి, భోజనం ఉచితం. అయితే ఎలక్ట్రీషియన్, వైర్‌మన్, ఫిట్టర్ వంటి ట్రేడులలో ఐ.టి.ఐ. అడుగుతారు. మన పిల్లలు చాలామంది ఆ గడప దగ్గరే ఆగిపోతారు. పదో తరగతి తప్పితే చదువు ముగిసిందని భావించే తల్లిదండ్రులకు ఒక మాట: వైర్‌మన్ ట్రేడుకు ఎనిమిదో తరగతి చాలు. ఇప్పటికే పనిలో ఉన్నవారికి ఆర్.పి.ఎల్. అనే మార్గం ఉంది. వచ్చిన పనిని పరీక్షించి, లోపాలు సవరించి సర్టిఫికెట్ ఇస్తారు. డబ్బు కట్టించుకొని మూడు రోజులలో సర్టిఫికెట్ చేతిలో పెడతామనే వారి దగ్గరకు మాత్రం వెళ్లకండి.

ఇక నా మనసులోని మాట. దరఖాస్తులు ఆగేది చాలాసార్లు పేరు దగ్గరే. ఆధార్‌లో షేక్, బడి సర్టిఫికెట్‌లో ఎస్.కె., బ్యాంకులో షైక్. ఒకచోట మొహమ్మద్, మరొకచోట ఎం.డి. తండ్రి పేరు ముందున్న ఇంటిపేరు ఒక కాగితంలో ఉంటుంది, మరో కాగితంలో ఉండదు. ఉద్యోగంలో ఉన్నప్పుడు నేనే ఇటువంటి దరఖాస్తులపై ‘పేరు సరిపోలలేదు’ అని రాసి తిప్పి పంపాను. నిబంధన ప్రకారం అది సరైనదే. కానీ వాటిని దిద్దుకొని ఎందరు మళ్లీ వచ్చారో ఒక్కనాడూ లెక్క చూడలేదు. అది ఈనాటికీ నన్ను బాధిస్తుంది.

అందుకే ప్రతి ఆదివారం ఉదయం పది గంటల నుంచి ఇదే హాలులో బల్ల వేసుకొని కూర్చుంటాను. శిక్షణకు దరఖాస్తు చేయదలచినవారు ముందుగా ఆధార్, బడి సర్టిఫికెట్, బ్యాంకు పుస్తకం తీసుకురండి. మూడింటినీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూద్దాం. జిరాక్సులు కాదు, అసలు కాగితాలే తీసుకురండి.