రాడార్ తెర మీద సముద్రం

(అమీర్‌పేటలో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, ఆరోగ్య కార్డుల గురించి వినడానికి వచ్చిన మీ ముందు రాడార్ గురించి మాట్లాడమని కార్యదర్శి గారు నన్ను నిలబెట్టారు. తప్పు ఆయనది కాదు. పోయిన సమావేశంలో భోజనాల దగ్గర ఒక మిత్రుడు, "సముద్రమేమో మూడు వందల కిలోమీటర్ల అవతల. సముద్రం ఆఫీసేమో ప్రగతినగర్‌లో. ఇదేం విడ్డూరమండీ?" అన్నారు. ఆయన అన్నది 1999లో ఏర్పడిన భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, అంటే ఇన్‌కాయిస్ గురించి. నవ్వులాటకు అడిగినా అది మంచి ప్రశ్న. సముద్రం మీద పడి తిరిగొచ్చిన రేడియో తరంగాలను చదవగలిగితే ఎక్కడ కూర్చుని చదివినా ఒకటే. అసలు అవి ఎలా తిరిగొస్తాయన్నదే ఇవాళ్టి విషయం.

ముందు మనకు తెలిసిన చోటునుంచి మొదలుపెడతాను. వానాకాలం రాత్రిపూట పంజాగుట్ట కూడలిలో స్కూటరు నడిపిన వారికి ఇది అనుభవమే. రోడ్డు పొడిగా ఉంటే మన హెడ్‌లైటు వెలుగులో గుంటతో సహా కనిపిస్తుంది. వాన పడి నీళ్లు నిలిచాయా, అదే లైటు వేసినా ముందున్న రోడ్డు నల్లగా అయిపోతుంది. ఎదుటి బస్సు లైటు మాత్రం కింద నుంచి కూడా కళ్లలో కొడుతుంది. పొడి రోడ్డు గరుకు కాబట్టి వెలుగును నలువైపులా చెదరగొడుతుంది. అందులో కొంత మన కంటికి తిరిగొస్తుంది. నిలిచిన నీరు అద్దం. పడిన వెలుగును ముందుకు తోసేస్తుందే తప్ప వెనక్కి ఇవ్వదు.

రాడార్‌కు సముద్రం అచ్చం ఇలాగే కనిపిస్తుంది. గాలి లేని రోజున ఏటవాలుగా పంపిన తరంగం జారి అవతలికి పోతుంది, తెర నల్లగా ఉంటుంది. గాలి లేచి నీటి మీద ముడతలు పడితే తెర మీద మెరుపు మొదలవుతుంది. నూనె తెట్టు కట్టిన చోట ఆ ముడతలు అణగిపోతాయి గనుక అక్కడ మళ్లీ నలుపు. ఓడ నుంచి కారిన చమురును ఉపగ్రహ రాడార్ పట్టుకునేది ఈ నల్ల మచ్చను బట్టే.

అయితే ఏ అల పడితే ఆ అల జవాబివ్వదు. కోలాటం చూశారు కదా. ఎవరికి వారు కర్రలు తాటిస్తే గోల, అందరూ ఒక్కసారి తాటిస్తే ఊరంతా వినిపిస్తుంది. వరుసగా వచ్చే అలల మధ్య దూరం రాడార్ తరంగదైర్ఘ్యంలో దాదాపు సగం ఉంటే, ఒక్కో అల నుంచి తిరిగొచ్చే తరంగాలు ఒకదానితో ఒకటి తాళం కలుస్తాయి. పోయిరావడానికి రెండుసార్లు ఆ దూరం నడవాలి కాబట్టి సగం. ఓడల మీద ఉండే 3 సెంటీమీటర్ల రాడార్‌కు పలికేది ఒకటిన్నర సెంటీమీటరు ముడత. పెద్ద కెరటం తన వీపు మీది ఆ ముడతల్ని ఇటూ అటూ వంచి జవాబును పెంచుతుంది, తగ్గిస్తుంది. విరిగి నురగయ్యే కొసలూ కొంత తోడవుతాయి.

ఓడ మీద పనిచేసేవారికి ఈ జవాబు ఒట్టి చెత్త. దాన్ని సీ క్లట్టర్ అంటారు. తెర నడుమ తెల్లగా పరుచుకుని, గాలి వచ్చే వైపు ఇంకాస్త సాగి ఉంటుంది. దాన్ని అణచడానికి ఒక మీట ఉంటుంది. దగ్గరి ప్రతిధ్వనుల బలం తగ్గించడమే దాని పని. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చిన్న నౌకలో రాడార్ బాగు చేసి, రాత్రి పరీక్ష కోసం నేనూ దానితో వెళ్లాను. గాలి బాగా ఉంది. నా పనితనం కనబడాలని ఆ మీటను తిప్పి తిప్పి తెరను తుడిచిన పలకలా చేశాను. సరంగు ఒకాయన, అరవై దగ్గర పడిన మనిషి, నా భుజం తట్టి, "బాబూ, అదుగో దీపం. మీ అద్దంలో లేదా?" అన్నాడు. లేదు. చెక్క పడవ, అందులో నలుగురు మనుషులు, ఒక లాంతరు. చెక్క నుంచి వచ్చే ప్రతిధ్వని అసలే బలహీనం. దాన్ని అలలతో పాటు నేనే చెరిపేశాను. మీట వెనక్కి తిప్పితే చెత్త మళ్లీ వచ్చింది, ఆ చెత్తలో ఒక చుక్క మాత్రం ప్రతి తిరుగుడుకీ ఉన్న చోటే ఉంది. నౌకను పక్కకు తిప్పారు. ఆయన ఆ తరువాత ఎవరి దగ్గరా ఆ మాట ఎత్తలేదు. నేనూ చెప్పలేదు, ఇవాళే చెప్పడం.

నేను చెరిపేసిన ఆ చెత్తే సముద్రం చెప్పే కబురని శాస్త్రజ్ఞులు అప్పటికే గ్రహించారు. 1955లో న్యూజిలాండ్‌కు చెందిన క్రాంబీ, 13.56 మెగాహెర్ట్జ్ వద్ద సముద్రం నుంచి వచ్చిన ప్రతిధ్వనిని పరిశీలించి నేచర్ పత్రికలో రాశాడు. బేగంపేట స్టేషన్లో ఆగకుండా పోయే రైలు కూత దగ్గరికి వచ్చేటప్పుడు ఒక శ్రుతిలో, దాటిపోయాక మరో శ్రుతిలో వినిపిస్తుంది కదా, అదే డాప్లర్ మార్పు. సముద్రంలో రకరకాల అలలు రకరకాల వేగాలతో పోతుంటే, ఆయనకు మాత్రం ఒకే అంకె పదేపదే వచ్చింది: 0.38 హెర్ట్జ్. లెక్క వేస్తే అది 11 మీటర్ల అల వేగానికి సరిపోయింది. ఆయన రాడార్ తరంగదైర్ఘ్యం 22 మీటర్లు. అన్ని అలల్లోనూ సగం కొలత గల అలే పలికిందన్న మాట.

ఇది మన బందరు దాకా వచ్చింది. 2004 సునామీ తర్వాతి ఏళ్లలో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వారు మచిలీపట్నంలో ఒకటి, యానాంలో ఒకటి ఇలాంటి రాడార్లు నెలకొల్పారు. 4.4 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. తరంగం 68 మీటర్లు, పలికే అల 34 మీటర్లు. అంత పొడవైన తరంగం ఉప్పునీటిని అంటిపెట్టుకుని, భూమి వంపు దాటి 200 కిలోమీటర్ల దాకా పాకుతుంది. 34 మీటర్ల అల నిశ్చలమైన నీటి మీద సెకనుకు 7.3 మీటర్లు పోవాలి. అంతకంటే ఎక్కువో తక్కువో వస్తే, ఆ తేడా అలది కాదు, దాన్ని మోసుకుపోతున్న ప్రవాహానిది. సెకనుకు మీటరు ప్రవాహం ఉంటే వచ్చే తేడా 0.03 హెర్ట్జ్. అంత సన్నని లెక్క! ఒక్క రాడార్‌కు నీరు తనవైపు వస్తోందా, దూరంగా పోతోందా అన్నదే తెలుస్తుంది. రెండు చోట్ల నుంచి చూస్తేనే ఎటు పోతోందో తేలుతుంది, అందుకే జంటగా పెట్టారు.

మన తీరం వెంట నీరు వేసవి ముందు నెలల్లో ఉత్తరానికి, అక్టోబరు తర్వాత దక్షిణానికి పారుతుంది. ఇంజను ఆగిపోయిన పడవ ఏ నెలలో ఎటు కొట్టుకుపోతుందో దీనిని బట్టే ఉంటుంది. తప్పిపోయిన పడవను ఎక్కడ వెతకాలో లెక్కగట్టే సారాట్ అనే సాధనాన్ని ఇన్‌కాయిస్ 2016లో తెచ్చింది. అలాంటి లెక్కకు ప్రవాహమే ప్రాణం. ఇంటి దగ్గర ఎదురుచూసే వాళ్లకు పది మైళ్ల తేడా చిన్న విషయం కాదు.

ఇక గాలి సంగతి. 1977 నవంబరు 19 ఉప్పెన ఇక్కడున్న చాలామందికి జ్ఞాపకమే. విశాఖపట్నంలో 1970 నుంచీ తుపాను రాడార్ ఉంది. కానీ అది చూసేది వాన చినుకుల్ని, నీటి మీది గాలిని కాదు. ఉపగ్రహాల నుంచి మేఘాల ఫొటోలు వచ్చేవి. మేఘం కింద, నడి బంగాళాఖాతంలో గాలి ఎంతో తెలియాలంటే దారిన పోయే ఓడ పంపే వైర్‌లెస్ కబురు గొప్ప ఆధారం. తుపాను ఉన్న చోటికి ఏ ఓడ పోతుంది?

ఆ మరుసటి ఏడాదే, 1978లో, అమెరికా వారి సీశాట్ ఉపగ్రహం స్కాటరోమీటరును మోసుకుపోయింది. మూడు నెలలకు పైగా పనిచేసి ఆగిపోయింది గాని దారి చూపింది. మన ఓషన్‌శాట్-2 అలాంటి పరికరాన్ని 2009 సెప్టెంబరులో తీసుకెళ్లింది. 720 కిలోమీటర్ల పైనుంచి 2.2 సెంటీమీటర్ల తరంగాన్ని ఏటవాలుగా పంపి, సుమారు ఒకటిన్నర సెంటీమీటరు ముడతలు ఎంత గట్టిగా పలికాయో కొలుస్తుంది. ముడతలు ఎక్కువంటే గాలి ఎక్కువ. ఒకే చోటును వేర్వేరు వైపుల నుంచి చూసి గాలి దిశ కూడా తేలుస్తారు. జోరు వాన ఈ కొలతను చెడగొడుతుంది, తుపాను కన్ను దగ్గరి అతి తీవ్రమైన గాలిని తక్కువ చూపుతుంది. అయినా ఓడ పోలేని చోటి కబురు వస్తుంది.

ఒక్క సంగతి మాత్రం చెప్పక తప్పదు. ఆ పరికరం 2014 ఫిబ్రవరిలో ఆగిపోయింది. హుద్‌హుద్ విశాఖను కొట్టింది అదే ఏడాది అక్టోబరు 12న. దాని స్థానంలో స్కాట్‌శాట్-1 వెళ్లింది 2016 సెప్టెంబరులో. ఆ మధ్యకాలంలో విదేశీ ఉపగ్రహాల సమాచారం ఉండబట్టి సరిపోయింది. స్కాట్‌శాట్ 2021లో ఆగింది, తర్వాతి పరికరం 2022 నవంబరులో గాని పైకి పోలేదు. ఒకటి పనిచేస్తుండగానే రెండోదాన్ని సిద్ధంగా ఉంచుకోవాలని స్టోర్సు విభాగంలో పనిచేసిన ఎవరిని అడిగినా చెబుతారు.

"మన బేగంపేట రాడార్‌కు సముద్రం కనిపించదా?" అని వెనక వరుసలోంచి అడుగుతున్నారు. కనిపించదండీ. రాడార్ చూపు తిన్నగా పోతుంటే భూమి కిందికి వంగిపోతుంది. నాలుగు వందల కిలోమీటర్లకు దాని కిరణం నేలకు తొమ్మిది కిలోమీటర్ల పైన ఉంటుంది. ఉరుముల మేఘం తల కనిపించవచ్చు, అల కనిపించదు. కొండ మీద వంద మీటర్ల ఎత్తున పెట్టినా ఆ రకం రాడార్‌కు నీరు కనబడేది నలభై కిలోమీటర్ల దాకానే.

కాఫీ చల్లారిపోతోందని కార్యదర్శి గారు సైగ చేస్తున్నారు. మిగతా ప్రశ్నలు అక్కడే మాట్లాడుకుందాం.