ఎర్రదీపం ఎంతకీ మారకపోతే
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ రీయింబర్స్‌మెంట్ గురించి నాకంటే బాగా చెప్పగల పెద్దలు ఈ వేదికమీదే ఉన్నారు. నేను రైల్వే సిగ్నల్ శాఖలో ముప్ఫైనాలుగేళ్లు పనిచేసినవాణ్ణి. ఎర్రదీపం, పచ్చదీపం తప్ప నాకు వేరే కబుర్లు రావని మా ఇంట్లో అంటుంటారు. కార్యదర్శిగారు పది నిమిషాలు మాట్లాడమంటే, ఆ దీపాల సంగతే చెబుతానని ఒప్పుకున్నాను.

కూడలిలో మనం ఆగాం. ఎర్రదీపం. నిమిషమైంది, మూడు నిమిషాలైంది, మారదు. వెనకవాళ్లు హారన్లు మోగిస్తున్నారు. అప్పుడేం చేయాలి? నవ్వకండి, ఇది చిన్న విషయం కాదు.

ముందు మా రైల్వే పద్ధతి మనవి చేస్తాను. మా శాఖలో మొట్టమొదట నేర్పే పాఠం ఒకటుంది. పరికరం చెడితే చెడవచ్చుగాని, ఎర్రవైపుకే చెడాలి. తీగ తెగినా, రిలే పడిపోయినా, బ్యాటరీ అయిపోయినా సిగ్నల్ ‘ఆగు’ అనే చూపాలి. పట్టాలలో కరెంటు పంపి బండి ఉనికిని కనిపెట్టే ట్రాక్ సర్క్యూట్‌కు అమెరికాలో విలియం రాబిన్సన్ 1872లో పేటెంటు తీసుకున్నాడు. అందులో ఉన్నదీ ఈ సూత్రమే. సికింద్రాబాదులో 1957లో ప్రారంభమైన మా శిక్షణ సంస్థ ఇరిసెట్‌లో పాఠాలు విన్నవారెవరూ దీన్ని మరిచిపోరు.

అలాగని చెడిపోయిన సిగ్నల్ ముందు బండి తెల్లవార్లూ నిలబడితే ఎలా? దానికీ నిబంధన ఉంది. ఆటోమేటిక్ సెక్షన్లో ‘ఏ’ గుర్తున్న స్టాప్ సిగ్నల్ ఎర్రగా ఉంటే డ్రైవరు బండి ఆపి, పగలైతే ఒక నిమిషం, రాత్రయితే రెండు నిమిషాలు చూడాలి. అప్పటికీ మారకపోతే ఈల వేసి, గార్డుతో సంకేతాలు మార్చుకుని, ఎదురుగా ఏది అడ్డమున్నా ఆగగలిగేటంత జాగ్రత్తగా ముందుకు పోవచ్చు. అదే స్టేషను సిగ్నల్ చెడితే ఈ స్వేచ్ఛ లేదు. సామాన్యంగా స్టేషను మాస్టరు అధికారపత్రం రాసి ఇవ్వాల్సిందే. ఎందుకీ తేడా అంటే, ఆటోమేటిక్ సెక్షన్లో మన ముందు ఉండేది అదే దిక్కుగా పోయే బండి. స్టేషన్లో అడ్డంగా పోయే ఇంకో బండికి దారి ఇచ్చి ఉండవచ్చు.

రోడ్డుమీది కూడలి స్టేషనులాంటిది. నేను చెప్పదలచుకున్నదానికి ప్రాణం ఇక్కడే ఉంది. కరెంటు పోయి దీపాలన్నీ ఆరిపోతే నాలుగువైపులవారికీ తెలుస్తుంది, నలుగురూ ఒళ్లు దగ్గర పెట్టుకుని వస్తారు. మనవైపు ఎర్రదీపం ఒక్కటే బిగుసుకుపోతే ఆ సంగతి మనకొక్కరికే తెలుసు. అడ్డంగా వచ్చేవాడికి పచ్చదీపం వెలుగుతూ ఉంటుంది. వాడి దృష్టిలో అంతా సవ్యంగానే ఉంది. వాడు వేగం ఎందుకు తగ్గిస్తాడు?

మా కాలనీ దగ్గర నిరుడు జరిగిందిదే. ఒకవైపు ఎర్రదీపం నాలుగు రోజులు మారలేదు. మాతోపాటు రోజూ వాకింగుకు వచ్చే ఒక పెద్దాయన, డెబ్బైరెండేళ్ల మనిషి, స్కూటరు మీద అక్కడ ఆగారు. వెనక హారన్ల గోల భరించలేక కదిలారు. అడ్డంగా పచ్చదీపం మీద వచ్చిన ఆటో తగిలి తుంటి ఎముక విరిగింది. ఆటోవాణ్ణి తప్పుపట్టడానికి ఏమీ లేదు. హారన్ కొట్టినవాళ్లు మాత్రం ఒక్కరూ అక్కడ నిలబడలేదు.

ఇక అమెరికా సంగతి. మనలో చాలామంది పిల్లల దగ్గరికి వెళ్లివస్తున్నారు కనుక చెబుతున్నాను. అక్కడ చాలా సిగ్నళ్లు గడియారం ప్రకారం కాక, వాహనం వచ్చిందో లేదో చూసుకుని మారతాయి. ఆపు గీత వెనక తారును కోసి లోపల తీగచుట్ట పెడతారు. గచ్చుమీద ఆ కోత గీతలు కనబడుతూనే ఉంటాయి. బరువునుబట్టి పనిచేస్తుందని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. లోహం మీదికి రాగానే తీగచుట్ట ఇండక్టెన్స్ తగ్గుతుంది, దాన్నే పెట్టెలోని యంత్రం గ్రహిస్తుంది. అందుకే గీతకు చాలా వెనక ఆగిన కారును అది గుర్తించదు. ఒక తెల్లవారుజామున మా అల్లుడుగారు అలాగే కారెడు దూరం వెనక ఆపి, దీపాన్ని తిట్టుకుంటూ కూర్చున్నారు. ‘గీతదాకా పోనివ్వండి బాబూ’ అన్నాను. పోనిచ్చారు. కాసేపటికి పచ్చదీపం వచ్చింది. ఆనాటినుంచి ఆయనకు నామీద గౌరవం కాస్త పెరిగిందని మా ఆవిడ అభిప్రాయం. హెడ్‌లైట్లు ఆర్పి వెలిగిస్తే దీపం మారుతుందని కొందరు చెబుతారు, దానికి మారదు.

మోటారుసైకిలుకు, సైకిలుకు ఈ చిక్కు మరీ ఎక్కువ. లోహం తక్కువ కదా. కోత గీతమీద చక్రం ఉండేలా ఆగితే కొంత మేలు. ఇందుకోసమే కొన్ని రాష్ట్రాలు ప్రత్యేకంగా చట్టాలు చేశాయి. మినెసోటా 2002లోనే చేసింది. వర్జీనియాలో 2011 నుంచి మోటారుసైకిలు, మోపెడ్, సైకిలువారు రెండు నిమిషాలో, రెండు సిగ్నల్ చుట్లో, ఏది ముందైతే అది ఆగి, ఎవరూ రావడం లేదని చూసుకుని దాటవచ్చు. విస్కాన్సిన్‌లో 45 సెకన్లు. చూశారా, మా రైల్వే నిమిషం, రెండు నిమిషాల లెక్కే! ఈ వెసులుబాటు అన్ని రాష్ట్రాల్లోనూ లేదు. కారులో ఉన్నవాళ్లు, ఎడమకు తిరిగే దీపం రాకపోతే, కుడివైపు తిరగడానికి అనుమతి ఉన్నచోట అటు తిరిగి చుట్టివస్తే గొడవ ఉండదు.

నడిచేవారికి ఒక్కమాట. అక్కడ చాలా కూడళ్లలో స్తంభానికున్న బొత్తాం నొక్కకపోతే దాటే గుర్తు రాకపోవచ్చు. మనవాళ్లు మొహమాటపడి చేతులు కట్టుకుని నిలబడతారు. నొక్కండి, అది మనకోసమే పెట్టింది. చేతిగుర్తు మినుకుతుంటే కొత్తగా దిగకూడదు. అప్పటికే దిగినవారు దాటేయాలి.

మన ఊళ్లో మాత్రం ఆగి చూసి దాటే స్వేచ్ఛ ఉందనుకోవద్దు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ఎర్రదీపం దాటడాన్ని ప్రమాదకరమైన డ్రైవింగ్‌లో చేర్చింది. కెమెరా మన కష్టం అడగదు. రెండు చుట్లు చూడండి. అడ్డదారికి రెండుసార్లు పచ్చదీపం వచ్చి మనకు రాకపోతే అది చెడిపోయినట్టే. పోలీసు ఉంటే ఆయన చెయ్యే ప్రమాణం, దీపం కాదు. లేకపోతే 112కు ఫోన్ చేసి కూడలి పేరు, ఏ దిక్కు దీపం, ఎన్ని గంటలకు అన్నది చెప్పండి. ఫ్రీ లెఫ్ట్ బోర్డు ఉంటే ఎడమకు తిరిగి, ముందు అనుమతి ఉన్నచోట మలుపు తీసుకుని రండి. బండి దిగి తోసుకుంటూ దాటినా నామోషీ లేదు, అయితే నడిచేవారి దీపం చూసుకునే దాటండి. వెనకవాళ్లు ఎంత మోగించినా కదలకండి.

చివరగా, మనం పింఛను తీసుకునే బ్యాంకు ఎదుటి కూడలి. అక్కడ నడిచేవారి పచ్చదీపం పన్నెండు సెకన్లు ఉంటోంది, గడియారం పెట్టి చూశాను. రోడ్డు అరవై అడుగులు. అంటే సెకనుకు ఐదడుగులు నడవాలి. అమెరికా వాళ్ల ప్రమాణగ్రంథం 2009లో ఆ లెక్కను సెకనుకు నాలుగడుగుల నుంచి మూడున్నరకు తగ్గించింది. ఆ ప్రకారం అరవై అడుగులకు పదిహేడు సెకన్లు కావాలి. ఈ లెక్కతో ట్రాఫిక్ పోలీసువారికి ఒక విజ్ఞాపన రాశాను. కాగితం కోశాధికారిగారి బల్లమీద ఉంది. టీకి వెళ్లేముందు అందరూ సంతకాలు పెట్టండి, కలం కూడా అక్కడే ఉంది.