పరదేశమందు స్థిరాస్తి
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)

ముప్పదినాలుగు సంవత్సరములు బాలురకు శబ్దములు వల్లెవేయించినవాడను. క్రయవిక్రయములయందు నాకు పాండిత్యము లేదు. అట్టివానికి ఈ విషయమునేల యొప్పగించిరో కార్యదర్శిగారికే యెఱుక. కాని యీ విషయము నన్ను వెదకికొనుచు మా యింటికే వచ్చినది.

గత సంవత్సరము నా శిష్యుడొకడు, హైదరాబాదున కంప్యూటరు ఉద్యోగము చేయుచున్నవాడు, గృహప్రవేశమునకు ముహూర్తము పెట్టుడని వచ్చెను. ఇల్లెక్కడ నాయనా యని యడిగితిని. “థాయిలాండులో, మాస్టారూ. ఫుకెట్ ద్వీపము. వరండానుండి సముద్రము కనబడును” అనెను. మూల్యమునకై తండ్రి నాటిన కొబ్బరితోటను విక్రయింప నిశ్చయించినాడు. తల్లి యా తోటలోని యింటనే యున్నది. రంగుల బొమ్మల పుస్తకమును, దానితోడి పత్రమును నా చేతికిచ్చెను. బొమ్మలను విడిచి పత్రమును చదివితిని. తొంబది సంవత్సరముల హక్కని పైన పెద్ద యక్షరములు. లోపల చూడగా ముప్పది, మరల ముప్పది, మరల ముప్పది. స్వామ్యమను మాట యెచ్చటను లేదు.

యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమున ఆగమమనియు భోగమనియు రెండు మాటలు కలవు. ఆస్తి మనకెట్లు సంక్రమించెనో చూపు నాధారము ఆగమము. దాని ననుభవించుట భోగము. నా శిష్యుడు భోగమునకు మూల్యమిచ్చుచు ఆగమము లభించెనని సంతోషించుచుండెను.

ఆ దేశపు 1954వ సంవత్సరపు భూమి చట్టము విదేశీయులకు సామాన్యముగా భూస్వామ్యము నొసగదు. ఒడంబడికలవలన కొన్ని దేశములవారికుండిన యధికారము 1970లో నంతమొందినది. నాలుగు కోట్ల బాట్లు పెట్టుబడి పెట్టినవారికి మంత్రి యనుమతితో వారి కొలతలో నొక రై, అనగా 1,600 చదరపు మీటర్లు, నివాసార్థము లభింపవచ్చును. అది మనబోంట్ల మాట కాదు. కౌలు ముప్పది యేండ్లకు మించరాదు. మూడేండ్లు దాటిన కౌలు రిజిస్టరు కానిచో మూడేండ్లవఱకే చెల్లును. తరువాతి ముప్పదులు అమ్మువాని నోటి మాటలు. ముప్పది యేండ్లకు ఆ నోరెక్కడ నుండునో యెవ్వరెఱుగుదురు?

అపార్టుమెంటు విషయము వేఱు. 1979 నాటి కండోమినియం చట్టము ననుసరించి భవనమందలి గృహముల మొత్తము వైశాల్యమున నూటికి 49 వంతులవఱకు విదేశీయులు తమ పేరనే కొనవచ్చును. మూల్యమును విదేశీ ద్రవ్యముగా ఆ దేశమునకు పంపి, బ్యాంకు నుండి యా ధ్రువపత్రమును పొందవలెను. అది లేనిదే రిజిస్ట్రేషను జరుగదు. రేపు విక్రయించి ధనమును తెచ్చుకొనుటకును అదియే యాధారము. ఇది ఆగమమే, దీనిని నేను కాదనను.

దళారులు మూడవ మార్గమొకటి చెప్పుదురు: థాయి పౌరుని పేర భూమి కొనుడు, లేదా పేరునకు మాత్రము థాయి వాటాదారులుండు కంపెనీని పెట్టుడు. బినామీ యను మాట మనకు క్రొత్తదా? అచ్చట పట్టుబడినచో ఇరువురకును జరిమానాయో, రెండేండ్లవఱకు కారాగారమో కలదు. భూమిని బలవంతముగా నమ్మింతురు.

ఇక మన దేశపు చట్టములు. ఒక్కొక్కరు ఒక ఆర్థిక సంవత్సరమున రెండున్నర లక్షల డాలర్లకు మించి పంపరాదు. పది లక్షల రూపాయలు దాటిన భాగముపై నూటికి 20 చొప్పున బ్యాంకు ముందుగానే పన్ను పట్టుకొనును. అది పిదప లెక్కలో జమ యగును గాని, అంతవఱకు చేతనుండదు. ఏటేట ఆదాయపు పన్ను పత్రమున విదేశాస్తిని చూపవలెను. అద్దె పైసయు రాకున్నను చూపవలెను. మఱచినచో 2015 నాటి నల్లధన చట్టము క్రింద పది లక్షల జరిమానా విధింపవచ్చును.

ఇవన్నియు నేటి చట్టములు. చట్టములు మాఱవా? మా పితామహుడు రంగూనునకు కూలిగా పోయి, మేస్త్రీయై, చిన్న యిల్లు కొనెను. కొన్ననాడు బర్మా ఇండియాలోని రాష్ట్రము. 1937 ఏప్రిల్ 1న వేఱు దేశమయ్యెను. ఆయన కదలలేదు, ఇల్లు కదలలేదు, సరిహద్దు కదలినది. 1941 డిసెంబరులో రంగూనుపై జపానువారి బాంబులు పడెను. మఱుసటి యేడు అరకాను కొండల దారిని నడచి, ఇంటి పత్రములున్న రేకుపెట్టెతో స్వగ్రామము చేరెను. ఆ పెట్టె నేటికిని మా యింట నున్నది. పత్రములు చెక్కుచెదరలేదు; ఇంటి జాడ మాత్రము తెలియదు.

చెట్టియార్ల కథ మఱింత పెద్దది. 1930 తరువాత ధాన్యము ధర పడిపోగా, అప్పు తీర్పలేని రైతుల పొలములు వారి వశమయ్యెను. 1937 నాటికి దిగువ బర్మాలోని పదుమూడు ప్రధాన ధాన్యజిల్లాలలో నాల్గవ వంతు సాగుభూమి వారిదే. పత్రములు సక్రమములే. కాని తమ పొలమునందే కౌలుదారైన రైతు పత్రమును చూచి సంతోషించునా? 1948లో స్వతంత్ర బర్మా భూజాతీయీకరణ చట్టమును చేసెను. నష్టపోయినవారియందు నాకు జాలి కలదు. ఆ రైతునందును కలదు.

పోషకులకు నాదొక విన్నపము. మన సంఘమున న్యాయవాదులు, లెక్కల పరీక్షకులు పలువురు కలరు. పరదేశమున ఆస్తి కొనదలచినవారి పత్రములను, బయానా ఇయ్యకమునుపే చూచి చెప్పుటకు వారిలో నిద్దఱు నెల కొకనాడు కార్యాలయమున కూర్చుండునట్లు ఏర్పాటు చేయుడు. నావంటి సంస్కృతపు మాస్టరు ముహూర్తమునకు బదులు కౌలుపత్రమును చదువవలసిన దుస్థితి తప్పును.

ఆ శిష్యుడు అప్పటికే యిచ్చిన బయానా తిరిగి రాలేదు. తోట యమ్మకము మానుకొనెను. ముహూర్తపు మాట మరల నెత్తలేదు. మొన్న సంక్రాంతికి వాని తల్లి మా యింటికి పది కొబ్బరికాయలు పంపినది, కొడుకునకు చదువు చెప్పినందులకట. తోట సంగతి వాడామెకు చెప్పలేదు, నేనును చెప్పలేదు.