డ్రైవరు లేని కారు, తెరచి ఉన్న తలుపు

(కోరాపుట్, రాయగడ జిల్లాల తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కి కోరాపుట్ చేరే దారిలోనో, రాయగడ నుంచి పార్వతీపురం వెళ్ళే దారిలోనో మనమందరం ప్రయాణించినవాళ్ళమే. డ్రైవరు మీద భారం వేసి కళ్ళు మూసుకుంటాం. ఆ డ్రైవరే లేని కారును గురించి నన్ను మాట్లాడమన్నారు. ఇది కట్టుకథ కాదు. అటువంటి వాహనాలను పరీక్షించే 'టిహాన్' క్షేత్రం హైదరాబాద్ ఐఐటీ ప్రాంగణంలో 2022 జులై 4న ప్రారంభమైంది. అవి మన కొండదారులకు రావడానికి చాలా కాలం పట్టవచ్చు. వాటి ప్రమాదం మాత్రం అంతదాకా ఆగదు. నెట్‌కు కలిసిన మామూలు కార్లలో అది ఇప్పటికే ఉంది.

2015లో అమెరికాలో ఈ సంగతి రుజువైంది. చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అనే భద్రతా పరిశోధకులు సెయింట్ లూయిస్‌లో ఒక ఇంట్లో కూర్చుని, రహదారి మీద పోతున్న జీప్ చెరొకీని లాప్‌టాప్‌తో వశపరచుకున్నారు. లోపల ఉన్నది ఒక విలేఖరి. ముందే ఒప్పుకొని కూర్చున్నాడు. మొదట ఏసీ, రేడియో, వైపర్లు వాటంతటవే పనిచేశాయి. తరువాత యాక్సిలరేటరు తొక్కినా బండి లాగలేదు. ఆపై ఒక ఖాళీ స్థలంలో బ్రేకులు పట్టకుండా చేస్తే బండి గుంటలోకి జారింది.

ఇది ఎట్లా సాధ్యమైంది? ఇంటర్నెట్‌లో యంత్రాలకు ఐపీ అడ్రసులుంటాయి. 1981లో ఖరారైన ఆ నియమావళి పని ఉత్తరాన్ని గమ్యం చేర్చడమే. కవరు మీది పంపినవాడి పేరు నిజమా అని అది విచారించదు. మన పోస్ట్‌మ్యానూ అంతే కదా! వచ్చినదెవరో అడగవలసిన బాధ్యత ఇంటివారిది. ఆ జీపులో పాటల పెట్టె మొబైల్ నెట్‌వర్క్‌కు కలిసి ఉంది. దాని తలుపు ఒకటి ఎవరినీ ప్రశ్నించకుండా తెరచి ఉంది. అక్కడి నుంచి ఇంజను, బ్రేకులు తమలో తాము మాట్లాడుకునే 'క్యాన్' అనే లోపలి తీగకు దారి దొరికింది. 1980లలో బాష్ సంస్థ రూపొందించిన ఆ పద్ధతిలో, వచ్చిన ఆజ్ఞ ఎవరిదని అడిగే ఏర్పాటు లేదు. బండిలోని వాళ్ళంతా మనవాళ్ళే అన్న నమ్మకం దానిది.

ఆనాడు విలేఖరి చేతిలో స్టీరింగైనా ఉంది. డ్రైవరు లేని కారులో ఆ చెయ్యి కూడా ఉండదు. 'మన ఘాట్‌లో సిగ్నలే ఉండదు కదా' అని ఒక మిత్రుడు నవ్వారు. దొంగకు కాసేపు సిగ్నలు చాలు. జయపురంలో ఎక్కిన తప్పుడు సాఫ్ట్‌వేరు సుంకి మలుపులో పనిచేయవచ్చు.

ఐరోపా సమాఖ్య 2024 జులై నుంచి కొత్త కార్లకు సైబర్ భద్రతా ఆమోదాన్ని తప్పనిసరి చేసింది. అంతకుముందు, 2015లోనే, ఫియట్ క్రిస్లర్ 14 లక్షల బండ్లకు మరమ్మతు ప్రకటించవలసి వచ్చింది. దిద్దిన సాఫ్ట్‌వేరును యూఎస్‌బీ ముక్కలో పోస్టు ద్వారా యజమానులకు పంపింది. దానిమీదా ఆక్షేపణ వచ్చింది: పోస్టులో వచ్చినది కంపెనీదో, మోసగాడిదో యజమానికి తెలిసేదెట్లా?

అటువంటి కవరు రేపు రాయగడలో మన ఇంటికి వస్తే, లోపలి కాగితం ఏ భాషలో ఉంటుంది? బండి నడిపే మన తమ్ముడు దాన్ని చదవగలడా? అందుచేత కారు కొనేటప్పుడే అడగండి: ఇందులో సిమ్ ఉందా, దానికి బ్రేకులతో సంబంధమేమిటి, సాఫ్ట్‌వేరు దిద్దుబాట్లు ఎన్నేళ్ళు ఇస్తారు? అర్థమయ్యే భాషలో చెప్పమనండి. చెప్పలేకపోతే, రాసి ఇమ్మనండి.