అమ్మవారు మారిందా, మనం మారామా?

ఈరోజు టాపిక్ కొంచెం సున్నితమైంది. దేవుళ్లని, వాళ్ల నీతినియమాల్ని మనుషులే తయారు చేసుకున్నారా? పెద్ద పెద్ద పుస్తకాలు పక్కన పెట్టి, ముందు మా వరంగల్ భద్రకాళి గుడికి వెళ్దాం.

ఆషాఢంలో ఎప్పుడైనా ఆ గుడికి వెళ్లారా? శాకంబరి ఉత్సవాల్లో అమ్మవారిని కూరగాయలతో అలంకరిస్తారు. చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. కానీ ఒకప్పుడు ఇదే గుడిలో జంతుబలులు జరిగేవి. అప్పుడు అమ్మవారి చూపు కూడా ఉగ్రంగా ఉండేదట. 1950లో గణపతి శాస్త్రి గారు ఊళ్లోవాళ్ల సాయంతో గుడిని బాగు చేయించారు. అప్పుడే అమ్మవారి నాలుక మీద అమృత బీజాక్షరాలు రాసి, చూపును శాంతంగా మార్చారని చెప్తారు. బలులు కూడా ఆపేశారు.

ఒక్క నిమిషం ఆలోచించండి. అమ్మకి ఇక రక్తం వద్దు అని నిర్ణయించింది ఎవరు? మనుషులే కదా! పైగా ఇది చేసింది నాస్తికులు కాదు, అమ్మని కొలిచే భక్తులు.

ఇప్పుడు మేడారం వెళ్దాం. అక్కడ విగ్రహమే లేదు. రెండేళ్లకోసారి కోయ పూజారులు అమ్మల్ని కుంకుమ భరిణె రూపంలో గద్దె మీదికి తెస్తారు. జనం బెల్లాన్ని బంగారం అని పిలుస్తూ సమర్పిస్తారు, కోళ్లు, యాటలు కోస్తారు. అక్కడ అది పాపం కాదు. మరి ఆ కథలో పాపం ఏంటి? కరువులో ఉన్నవాళ్ల దగ్గర కప్పం అడగడం. అడిగింది ఎవరు? మన ఓరుగల్లు కాకతీయులు. రాజుకి ఎదురు తిరిగినవాళ్ల దేవత కాబట్టి, ఆమె నీతి కూడా వాళ్ల కష్టంలోంచే పుట్టింది.

దాదాపు 2500 ఏళ్ల కింద జెనోఫనీస్ అనే గ్రీకు కవి కూడా ఇలాంటిదే గమనించాడు. ఇథియోపియా వాళ్ల దేవుళ్లు నల్లగా ఉంటారు, థ్రేస్ వాళ్ల దేవుళ్లకి నీలి కళ్లు ఉంటాయి. ఎవరి దేవుడికి వాళ్ల పోలికే!

"దేవుడు ఎప్పుడూ ఒక్కడే, మన అర్థం చేసుకోవడమే మారింది" అని మీరు అనొచ్చు. సరే, నేను వాదించను. దేవుడు ఉన్నాడా లేడా అన్నది ఈ ఉదాహరణలతో తేలదు కూడా. కానీ మీ మాటే తీసుకున్నా, రూల్స్ రాసింది మాత్రం మన అర్థం చేసుకోవడమే కదా? అంటే అందులో తప్పులు ఉండొచ్చు. తప్పు ఉంటే దిద్దుకోవచ్చు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, పోయిన దసరాకి మా ఇంట్లో అందరూ పూజలో ఉంటే మా చెల్లి మాత్రం గుమ్మం బయటే నిలబడింది. నెలసరి. "అమ్మవారికి నచ్చదు బిడ్డా" అంది నాయినమ్మ. "అమ్మవారు కూడా ఆడదే కదా నాయినమ్మా?" అంది చెల్లి. నాయినమ్మ ఏం మాట్లాడలేదు. ఎపిసోడ్ల మీద ఎపిసోడ్లు మాట్లాడే నేను కూడా నోరు మెదపలేదు. ఆ రోజు నుంచి అది నన్ను తొలుస్తూనే ఉంది.

నాయినమ్మది తప్పు అని నేను అనట్లేదు. ఆమెకి అలాగే నేర్పారు. కానీ "దేవుడికి నచ్చదు" అనేసరికి ప్రశ్న అక్కడే ఆగిపోతుంది. అదే "మనకి నచ్చదు" అంటే? ఎందుకు నచ్చదో చెప్పాల్సి వస్తుంది. కులం పేరుతో గుడి బయట నిలబెట్టినా అంతే, ఆడపిల్లని గుమ్మం బయట నిలబెట్టినా అంతే. జవాబు చెప్పాల్సింది దేవుడు కాదు, మనం.

మా ఊరి భక్తులు 1950లోనే ఒక ఆచారాన్ని మార్చారు. అమ్మవారికేం కోపం రాలేదు, గుడికి జనం వెళ్తూనే ఉన్నారు. ఈ దసరాకి నేను ఆ సంగతి నాయినమ్మ పక్కన కూర్చుని చెప్తా. వింటుందో లేదో తెలీదు. ఈసారి మాత్రం మౌనంగా ఉండను.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.