ముత్యాల గర్భం



ఈవేళ నేను ఊరగాయల గురించి గానీ, పిల్లల చదువుల గురించి గానీ చెప్పబోవడం లేదు. నలుగురిలో ఎత్తడానికి మనం సిగ్గుపడే సంగతి ఒకటి చెప్పుకుందామని వచ్చాను. నేను పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని, డాక్టర్ని కాను. ఇది నా ఒంటిమీదికి వచ్చి నేర్పిపోయిన పాఠం. మీలో ఏ ఒక్కరికి అక్కరకొచ్చినా నాకంతే చాలు.

దాని పేరు ముత్యాల గర్భం. డాక్టర్లు వెసిక్యులర్ మోల్ అనీ, మోలార్ ప్రెగ్నెన్సీ అనీ అంటారు. పేరు వింటే ఎంత ముచ్చటగా ఉందో చూశారా? అనుభవం మాత్రం పగవాళ్ళకు కూడా వద్దు.

2003 నాటి మాట. అప్పుడు నాకు 24 ఏళ్ళు. పెళ్ళయి రెండేళ్ళు. విజయవాడ సత్యనారాయణపురంలో రెండు గదుల వాటాలో ఉండేవాళ్ళం. నెల తప్పిందని తెలిసిన రోజున మా అత్తయ్యగారు పాత నేతచీరలు ఉతికి, బొంతలు కుట్టడానికి మడిచి పెట్టారు. వేవిళ్ళు మాత్రం విపరీతం. మంచినీళ్ళు తాగినా ఇమిడేవి కావు. మూడో నెలకే అయిదో నెల పొట్ట కనిపించింది. "కవలలేమోనే!" అని పక్కవాటా పిన్నిగారు మురిసిపోయారు. నేనూ మురిశాను.

ఒకరోజు పొద్దున్నే వక్కరంగులో మరక కనిపించింది. డాక్టరమ్మ స్కానింగు చేయించింది. తెరమీద బిడ్డ లేదు. పీటమీద వరిపిండి జల్లినట్టు చుక్కలూ, చుక్కలూ. "ఇందులో బిడ్డ లేదమ్మా, ఆలస్యం చెయ్యకుండా తీసెయ్యాలి" అన్నారావిడ. బిడ్డ లేకపోతే ఈ పొట్ట ఏమిటి? ఈ వాంతులేమిటి? నాకు అర్థం కాలేదు. ఆమె ఓపిగ్గా చెప్పారు. నాకు తెలిసిన మాటల్లో మీకు చెబుతాను.

బిడ్డ తయారు కావాలంటే తల్లి అండంలో సగం, తండ్రి బీజంలో సగం వారసత్వం కలవాలి కదా. ఒక్కొక్కప్పుడు అండంలో తల్లి భాగం ఉండనే ఉండదు. తండ్రి భాగమే రెండింతలవుతుంది. అప్పుడు బిడ్డ ఏర్పడదు. మాయ ఒక్కటే అదుపు లేకుండా పెరుగుతుంది, నీటి బుడగల్లా, ఉడికిన సగ్గుబియ్యం గింజల్లా, ద్రాక్షగుత్తుల్లా. దీన్ని పూర్తి ముత్యాల గర్భం అంటారు. ఇంకో రకంలో ఒకే అండంలో రెండు బీజాలు చేరతాయి. అందులో పిండం కొంచెం కనబడినా నిలవదు. దాన్ని పాక్షిక ముత్యాల గర్భం అంటారు. నాది మొదటి రకం.

ఈ సంగతి ఎందుకింత విడమరిచి చెబుతున్నానంటే, మాట పడేది మనమే కాబట్టి. నన్ను ఆస్పత్రినుంచి తీసుకొచ్చిన సాయంత్రమే మొదలయింది. బొప్పాయి తిన్నదేమోనని ఒకరు, గ్రహణం పట్టినప్పుడు బయటికి వెళ్ళిందేమోనని ఒకరు. మా అత్తయ్యగారు కూడా మొదట్లో దిష్టి అనే అనుకున్నారు. నేను కూడా రాత్రులు కూచుని ఏం తిన్నానా, ఏం ఎత్తానా అని లెక్కలు వేసుకునేదాన్ని. అండం, బీజం కలిసే క్షణంలో జరిగే పొరపాటుకు మనం తిన్న తిండికీ, మోసిన బిందెకూ ఏ సంబంధమూ లేదు. మగవాడి తప్పూ కాదు. ఎవరి తప్పూ కాదు. ఈ మాట ఆనాడు నాకెవరైనా పదిసార్లు చెప్పి ఉంటే బాగుండేది. అందుకే ఇప్పుడు నేను చెబుతున్నాను.

ఇంకో బాధ ఉంది. ఏడుద్దామంటే బిడ్డ లేదు. బిడ్డే లేనప్పుడు ఏడుపెందుకంటారు చుట్టాలు. కానీ నేను మూడు నెలలు ఒక బిడ్డకు తల్లిననే అనుకున్నాను కదండీ! మడిచిపెట్టిన ఆ నేతచీరలు చూస్తే కడుపు తరుక్కుపోయేది. ఇంట్లో ఇలాంటి పిల్ల ఉంటే ఆమెను ఏడవనివ్వండి. "ఏమీ లేదుగా" అని మాత్రం అనకండి.

ఇక అసలు సంగతికి వస్తాను. లోపలున్నది యంత్రంతో పీల్చి తీసేశారు. తీసిన ముక్కను పరీక్షకు పంపి ముత్యాల గర్భమేనని రూఢి చేసుకున్నారు. పీడ వదిలిందనుకున్నాను. వదల్లేదు. గర్భం ఉన్నప్పుడు రక్తంలో హెచ్.సి.జి. అనే హార్మోను చేరుతుంది. ఇంట్లో చేసుకునే పరీక్షలో రెండు గీతలు పడేది దానివల్లే. ముత్యాల గర్భంలో అది చాలా ఎక్కువగా పెరుగుతుంది. తీసేసిన తరువాత వారం వారం తగ్గుతూ రావాలి. తగ్గకుండా నిలిచిపోయినా, మళ్ళీ పెరిగినా, లోపల ఎక్కడో కొన్ని కణాలు మిగిలి పెరుగుతున్నాయన్నమాట. అవి ఊపిరితిత్తులదాకా కూడా పాకవచ్చు. అందుకని వారం వారం రక్తపరీక్ష చేయించుకోమన్నారు డాక్టరమ్మ.

మా వంటింటి గోడకు పాల లెక్క వేసుకునే కేలండరు ఉండేది. మావారు అందులో ప్రతి సోమవారం పక్కన ఆ అంకె వేసేవారు. మొదట లక్షల్లో ఉన్నది వేలల్లోకి, వేలల్లోంచి వందల్లోకి దిగింది. నాలుగు వారాలు ఇలా నడిచింది. ఒంట్లో బాగానే ఉంది. వాంతులు లేవు, పొట్ట లేదు. అంతలో జూలై నెలాఖరున గోదావరి పుష్కరాలు వచ్చాయి. ఇల్లంతా చుట్టాలు, రాజమండ్రి ప్రయాణాలు. ఒక సోమవారం పోయింది, రెండు పోయాయి. పరీక్షకు డబ్బు కూడా తక్కువేం కాదు. "బాగానే ఉన్నావుగా, ఊరికే సూదులెందుకు?" అన్నారు ఇంట్లో. నేనూ సరేనన్నాను. కేలండర్లో పాల లెక్క నిండింది గానీ ఆ అంకెల చోటు ఖాళీగానే ఉండిపోయింది.

సెప్టెంబరులో మళ్ళీ మరక కనిపించింది. పరుగెత్తాం. వందల్లో ఉన్న అంకె వేలల్లోకి ఎక్కింది. నన్ను చూసి డాక్టరమ్మ ఒక్క మాట కూడా కోప్పడలేదు. కోప్పడితే బాగుండుననిపించింది. ఛాతీకి ఎక్స్‌రే తీశారు. అదృష్టవశాత్తూ అక్కడికి పాకలేదు. మందు మొదలుపెట్టారు. మెథోట్రెక్సేట్ సూదులు రోజు విడిచి రోజు, మధ్య రోజుల్లో దానికి విరుగుడుగా ఫోలినిక్ ఆసిడ్. ఎనిమిది రోజులు ఇలా చేసి, కొన్నాళ్ళు విశ్రాంతి, మళ్ళీ మొదలు. కేన్సరు మందు అని వినగానే మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. జుట్టు ఊడలేదు గానీ నోరంతా పూసింది. మజ్జిగన్నం కూడా మంటే.

ఈ మందు గురించి తెలుగువాళ్ళం తెలుసుకోవలసిన మాట ఒకటుంది. 1895లో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనలు నడిపించారు. మెథోట్రెక్సేట్ ఆయన బృందం చేతుల్లో తయారయిందే. ఆయన 1948లో కన్నుమూశారు. 1956లో అమెరికాలో మిన్ చియూ లీ, రాయ్ హెర్ట్జ్ అనే డాక్టర్లు, మాయనుంచి పుట్టే కేన్సరు ఈ మందుతో నయమవుతుందని ప్రకటించారు. అంతకు ముందు ఆ జబ్బు ముదిరితే ఆడది బతకడం అరుదు. ఇప్పుడు వేళకు పట్టుకుంటే దాదాపు అందరికీ నయమవుతుంది. ఈ కథ ఆస్పత్రిలో ఒక నర్సమ్మ చెప్పింది. ఆ రాత్రి మా అత్తయ్యగారు, "మన భీమవరం పిల్లవాడి మందేనటే, భయపడకు" అన్నారు. ఆ తరువాత ప్రతి పరీక్షకూ నా వెంట వచ్చింది ఆవిడే. గ్రహణం మాట ఎత్తినవాళ్ళకు జవాబు చెప్పిందీ ఆవిడే.

డిసెంబరుకు అంకె మామూలుకు దిగింది. తరువాత కూడా కొన్ని విడతలు మందిచ్చారు. ఏడాదిపాటు గర్భం రాకుండా చూసుకోమన్నారు. మళ్ళీ గర్భం వస్తే ఆ హార్మోను కూడా పెరుగుతుంది. పెరిగింది జబ్బువల్లో, బిడ్డవల్లో తెలియదు. ఈసారి ఒక్క సోమవారం కూడా పోనివ్వలేదు. 2004లో మన కృష్ణకు పుష్కరాలు వచ్చేనాటికి నేను మళ్ళీ మనిషినయ్యాను. 2006లో అమ్మాయి పుట్టింది. ఆ నేతచీరల బొంతల్లోనే పెరిగింది. ఇప్పుడు నాకంటే పొడుగు.

పూర్తి ముత్యాల గర్భం వచ్చిన నూరుమందిలో సుమారు 15 నుంచి 20 మందికి తరువాత మందు అవసరం పడుతుంది. మిగిలినవారికి దానంతటదే తగ్గిపోతుంది. మీరు ఏ లెక్కలో ఉన్నారో రక్తపరీక్ష చెబుతుంది గానీ మీ ఒళ్ళు చెప్పదు. అందుకే ఈ నాలుగు మాటలు గుర్తుపెట్టుకోండి. వేవిళ్ళు శ్రుతి మించినా, నెలలకు మించి పొట్ట కనిపించినా, మరక పడినా స్కానింగు చేయించుకోండి. తీసిన ముక్కను పరీక్షకు పంపారా అని అడగండి. మీది నెగెటివ్ గ్రూపు రక్తమయితే దానికి వేసే సూది గురించి కూడా అడగండి. డాక్టరు ఇక చాలు అనేదాకా రక్తపరీక్షలు మానకండి. మళ్ళీ ఇలాగే అవుతుందేమోనని బెంగ పెట్టుకోకండి, రెండోసారి వచ్చేది నూటికి ఒకరిద్దరికే. కాకపోతే తరువాతి గర్భంలో తొందరగా స్కానింగు చేయించుకోవాలి.

మన ఇళ్ళల్లో పాలకూ, చాకలికీ, చిట్టీలకూ లెక్క రాసుకుంటాం. పండగొచ్చినా, చుట్టాలొచ్చినా ఆ లెక్క ఆగదు. మన ఒంటి లెక్క మాత్రం ఎందుకాగాలి, చెప్పండి?

మరి సెలవు.